బీమా కంపెనీయే దివాలా తీస్తే వైద్య నిర్లక్ష్యం కేసు ఏమవుతుంది?

1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత అతనికి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. పరిహారం కోసం మొదలైన న్యాయపోరాటం జాతీయ వినియోగదారుల కమిషన్ మీదుగా సుప్రీంకోర్టుకు చేరి, 2009 మే నెలలో కోటి రూపాయల తీర్పుతో ముగిసింది. ఆపరేషన్‌కీ చివరి తీర్పుకీ మధ్య దాదాపు 19 ఏళ్లు.

ఆ కేసును ఇక్కడ తలుచుకుంటున్నది అందులోని తప్పొప్పుల కోసం కాదు, ఆ 19 ఏళ్ల కోసం. కారు ఈ నెల గుద్దుకుంటే రిపేరు బిల్లు వచ్చే నెలకల్లా తేలిపోతుంది. వైద్య నిర్లక్ష్యం అలా కాదు. కాన్పు సమయంలో బిడ్డ మెదడుకు ఆక్సిజన్ అందలేదన్న సంగతి, నడవాల్సిన వయసులో బిడ్డ నడవనప్పుడు బయటపడుతుంది. కడుపులో మరిచిపోయిన గాజుగుడ్డ ఏళ్ల తర్వాత స్కానింగ్‌లో కనిపిస్తుంది. ఆ తర్వాత కేసు, నిపుణుల సాక్ష్యం, అప్పీళ్లు. ఇవన్నీ తేలేదాకా, డాక్టరు ఎప్పుడో ప్రీమియం కట్టిన బీమా కంపెనీ నిలబడి ఉండాలి. మధ్యలోనే అది మునిగిపోతే డాక్టరు గతి ఏమిటి? పరిహారం కోసం ఎదురుచూస్తున్న రోగి గతి ఏమిటి?

ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. అమెరికాలో 1998లో ఒహాయోకు చెందిన పీఐఈ మ్యూచువల్, 2002లో పెన్సిల్వేనియాకు చెందిన ఫైకో మూతపడ్డాయి. రెండూ మాల్‌ప్రాక్టీస్ బీమా, అంటే వైద్య నిర్లక్ష్యం కేసుల నుంచి డాక్టర్లకు, ఆసుపత్రులకు రక్షణ ఇచ్చే బీమా, అమ్మే కంపెనీలే. అదే 2002లో ఆస్ట్రేలియాలో సగానికి పైగా డాక్టర్లు నమ్ముకున్న సంస్థ చేతులెత్తేసింది. రెండు దేశాల్లోనూ తెలుగు డాక్టర్లు చాలామంది పనిచేస్తున్నారు. చిక్కుముళ్లన్నీ అమెరికా పద్ధతిలో ఉన్నాయి కాబట్టి దాని గురించే ఎక్కువగా చెబుతాను.

## తప్పుకోవడం వేరు, మునిగిపోవడం వేరు

"మా బీమా కంపెనీ వెళ్లిపోయింది" అని ఎవరైనా అన్నప్పుడు అందులో రెండు అర్థాలు ఉండొచ్చు. వీటిని కలిపేస్తే అనవసరమైన టెన్షన్ వస్తుంది, లేదా ఉండాల్సిన జాగ్రత్త పోతుంది.

2001 డిసెంబర్‌లో సెయింట్ పాల్ అనే పెద్ద కంపెనీ ఇక మాల్‌ప్రాక్టీస్ బీమా అమ్మబోమని ప్రకటించింది. దాదాపు 42 వేల మంది డాక్టర్లు వేరే కంపెనీ వెతుక్కోవాల్సి వచ్చింది. అది పెద్ద కుదుపే. కానీ ఆ కంపెనీ దగ్గర డబ్బు ఉంది. కొత్త పాలసీలు ఆపేసినా, పాత పాలసీల కింద తాను ఇచ్చిన మాటకు బాధ్యత దానిదే. ఇది తప్పుకోవడం.

మునిగిపోవడం అంటే, ఇవ్వాల్సిన డబ్బుకు ఉన్న ఆస్తి చాలకపోవడం. ఈ వ్యాపారంలో ఆ స్థితి ఎలా వస్తుందో తెలియాలంటే రిజర్వు అనే మాట అర్థం కావాలి. ఇప్పటికే వచ్చిన క్లెయిములకు, జరిగిపోయినా ఇంకా బయటపడని తప్పులకు రేపు ఎంత కట్టాల్సి వస్తుందో అంచనా వేసి, అంత డబ్బు పక్కన పెట్టడమే రిజర్వు. అది అంచనా మాత్రమే. ఆరేళ్ల తర్వాత జ్యూరీ ఎంత ఇస్తుందో, అప్పటికి నర్సింగ్ ఖర్చు ఎంత పెరుగుతుందో ఎవరికి తెలుసు? అంచనా తక్కువ వేస్తే ఈ ఏడాది లాభం ఎక్కువ కనిపిస్తుంది. ప్రీమియం తగ్గించి ఎక్కువ మంది డాక్టర్లను చేర్చుకుంటే ఆదాయం పెరిగినట్టు కనిపిస్తుంది. వచ్చే డబ్బు ఈ ఏటిది, పోయే డబ్బు ఆరేళ్ల తర్వాతది. అందుకే పుండు లోపల ముదిరేదాకా పైకి కనిపించదు.

ఫైకో కథ అదే. 1976లో పెన్సిల్వేనియా ఆసుపత్రుల సంఘం తమ సభ్యుల కోసం పెట్టుకున్న కంపెనీ అది. తర్వాత ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది. చివరికి క్లెయిములు మీద పడే సరికి రిజర్వులు చాలలేదు.

## లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చిన రోజు ఏమవుతుంది

అమెరికాలో మామూలు కంపెనీలు దివాలా తీస్తే ఫెడరల్ దివాలా కోర్టుకు వెళ్తాయి. బీమా కంపెనీలకు ఆ దారి లేదు. ఆ చట్టమే వాటిని మినహాయించింది. బీమా కంపెనీ ఏ రాష్ట్రంలో పుట్టిందో ఆ రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ ఆ రాష్ట్ర కోర్టుకు వెళ్తారు. మొదట పునరుద్ధరణ దశ. కంపెనీని కమిషనర్ చేతికి అప్పగించి, బతికించే వీలుందేమో చూస్తారు. వీలు కాకపోతే లిక్విడేషన్, అంటే ఆస్తులన్నీ పోగుచేసి, కంపెనీ నుంచి డబ్బు రావాల్సినవాళ్లకు పంచి మూసేయడం. ఫైకో 2001 ఆగస్టులో పునరుద్ధరణలోకి వెళ్లి, ఆరు నెలలైనా తిరగకముందే, 2002 ఫిబ్రవరి 1న లిక్విడేషన్‌కు చేరింది.

ఆ రోజున చాలామంది ఒక విషయంలో పొరబడతారు. బీమా కంపెనీ మూతపడితే కేసు కూడా పోతుందనుకుంటారు. పోదు. రోగి దావా వేసింది డాక్టరు మీద. బీమా కంపెనీ డాక్టరు వెనక నిలబడి, వకీలును పెట్టి, తీర్పు వస్తే డబ్బు కడతానని ఒప్పుకున్న మనిషి లాంటిది. ఆ మనిషి పోయినా దావా దావాగానే ఉంటుంది.

కానీ నడక ఆగుతుంది. డాక్టరు తరఫు లాయర్లకు ఫీజులు ఇచ్చేది ఆ కంపెనీయే కాబట్టి వాళ్ల పాత బిల్లులు లిక్విడేషన్‌లో ఇరుక్కుంటాయి. కొత్తగా ఎవరు కడతారో తేలేదాకా విచారణ వాయిదా పడుతుంది. చాలా రాష్ట్రాల చట్టాలు ఇందుకోసం కొన్ని నెలలు, తరచుగా ఆరు నెలల దాకా, స్టే ఇస్తాయి. అమల్లో ఉన్న పాలసీలు సాధారణంగా 30 రోజుల్లో ముగిసిపోతాయి. ఆ 30 రోజుల్లో డాక్టరు కొత్త పాలసీ తెచ్చుకోలేకపోతే చాలా ఆసుపత్రులు ఆపరేషన్ థియేటర్‌లోకి రానివ్వవు. ఆగిన ఆ నెలలు రోగికి ఎలా గడుస్తాయో కూడా గుర్తుంచుకోవాలి. వీల్‌చైర్ అద్దె, మందులు, ఇంటి వాయిదాలు స్టేలో ఉండవు.

## గ్యారంటీ అసోసియేషన్: కింద వల ఉంది, కానీ చిన్నది

బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఉన్నట్టే, అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ బీమా కంపెనీలు మునిగితే ఆదుకునే గ్యారంటీ అసోసియేషన్ ఉంది. ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న కంపెనీలన్నీ ఇందులో సభ్యులు. ఒక కంపెనీ మునిగినప్పుడు మిగతా కంపెనీల నుంచి, వాటి ప్రీమియం ఆదాయంలో ఇంత శాతమని, వసూలు చేసి క్లెయిములు కడతారు. చాలా రాష్ట్రాల్లో ముందుగా పోగుచేసిన నిధి అంటూ ఉండదు, మునిగాకే వసూలు. న్యూయార్క్‌లో మాత్రం ముందే నిధి పోగుచేసి ఉంచుతారు.

డాక్టరు తరఫున కేసు వాదించే పనిని కూడా ఈ అసోసియేషనే తీసుకుంటుంది. అది పెద్ద ఊరట. చిక్కంతా పరిమితితో వస్తుంది. చాలా రాష్ట్రాల్లో ఒక క్లెయిమ్‌కు 3 లక్షల డాలర్లు మించి ఇవ్వరు. పెన్సిల్వేనియాలోనూ అంతే. కాలిఫోర్నియాలో 5 లక్షలు, న్యూయార్క్‌లో 10 లక్షలు. కార్మికుల పరిహారం క్లెయిములకు సాధారణంగా ఈ పరిమితి వర్తించదు. వైద్య నిర్లక్ష్యానికి వర్తిస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. డాక్టర్ మాధవి అని ఒక ఆర్థోపెడిక్ సర్జన్ ఉన్నారనుకుందాం. ఆమె పాలసీ పరిమితి 10 లక్షల డాలర్లు. ఆమె మీద కేసులో జ్యూరీ 9 లక్షల తీర్పు ఇచ్చింది. కంపెనీ బతికి ఉంటే 9 లక్షలూ కంపెనీయే కట్టేది, మాధవి గారి జేబులోంచి పైసా కదలదు. కంపెనీ లిక్విడేషన్‌లో ఉంటే గ్యారంటీ అసోసియేషన్ 3 లక్షలు ఇస్తుంది. మిగతా 6 లక్షలు ఎవరివి?

చట్టం దృష్టిలో ఆ బాకీ డాక్టరుదే. తీర్పు ఆమె పేరు మీద వచ్చింది. రోగి ఆమె సొంత ఆస్తి మీదికి వెళ్లొచ్చు. లేదా మునిగిన కంపెనీ ఆస్తుల్లో వాటా కోసం లిక్విడేటర్ దగ్గర క్లెయిమ్ వేయొచ్చు. పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో ఇక్కడ ఒక మెలిక ఉంది. రోగి లిక్విడేటర్ దగ్గర క్లెయిమ్ వేస్తే, పాలసీ పరిమితి మేరకు డాక్టరును వదిలేసినట్టే లెక్క. అంటే రోగి ముందే తేల్చుకోవాలి. ఎప్పుడో, ఎంతో తెలియని వాటా కోసం డాక్టరును వదలాలా? లేక డాక్టరు వెంట పడి, ఆమె కూడా వ్యక్తిగత దివాలా వేస్తే రెంటికీ చెడాలా? లిక్విడేషన్‌లో చివరికి, మాటవరసకు, రూపాయికి అర్ధరూపాయి చొప్పున వస్తుందనుకుంటే మొదటి దారిలో రోగికి 3 లక్షలు ఇప్పుడు, ఇంకో 3 లక్షలు చాలా ఏళ్ల తర్వాత అందుతాయి. మొత్తం 6. తీర్పు 9.

తీర్పు దాకా వెళ్లని కేసుల మీదా ఈ పరిమితి నీడ పడుతుంది. ఎక్కువ కేసులు రాజీతోనే ముగుస్తాయి. కంపెనీ బతికి ఉన్నప్పుడు రాజీ బేరం 10 లక్షల పాలసీ చుట్టూ తిరిగేది. లిక్విడేషన్ తర్వాత రెండు పక్షాల లాయర్లకూ 3 లక్షల అంకె తెలుసు, బేరం దాని దగ్గరికి జారిపోతుంది. ఆ రోగికి జరిగిన నష్టం మాత్రం అంతే ఉంది. అదే 2 లక్షల విలువైన కేసు అనుకోండి, పరిమితి లోపలే ఉంది కాబట్టి ఆలస్యం తప్ప పెద్దగా తేడా రాదు. అంటే గాయం ఎంత పెద్దదైతే ఈ వల నుంచి అంత ఎక్కువ జారిపోతుంది. జీవితాంతం ఇతరుల మీద ఆధారపడాల్సిన పిల్లల కేసులే ఇందులో ఎక్కువగా నలిగేవి. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

పెన్సిల్వేనియాలో ఇంకో అంతస్తు ఉంది. 2002 చట్టంతో ఏర్పడిన ఎంకేర్ అనే రాష్ట్ర నిధి, డాక్టరు సొంత పాలసీ ఇచ్చే మొదటి 5 లక్షల డాలర్లపైన ఇంకో 5 లక్షలు ఇస్తుంది. అలాంటి రాష్ట్రంలో కింది అంతస్తు కూలినా పై అంతస్తు ఉంటుంది. 3 లక్షలకూ 5 లక్షలకూ మధ్య ఉన్న ఖాళీయే గొడవకు దారితీస్తుంది. ఇలాంటి నిధి అన్ని రాష్ట్రాల్లోనూ లేదు.

## రోగి సొంత హెల్త్ ఇన్సూరెన్స్‌ను ఎక్కడ తీసివేయాలి

గ్యారంటీ అసోసియేషన్ చట్టాల్లో మామూలుగా ఉండే షరతు ఏమిటంటే, వేరే ఏ బీమా ఉన్నా ముందు దాన్ని వాడుకోవాలి. ఇది చివరి ఆసరా కాబట్టి. రోగి ఆసుపత్రి బిల్లులు అతని సొంత హెల్త్ ఇన్సూరెన్స్ కట్టి ఉంటే ఆ మొత్తాన్ని తీసివేస్తారు. ఎందులోంచి తీసివేయాలన్న దగ్గర కోర్టుల మధ్య తేడాలు వచ్చాయి.

రోగికి జరిగిన మొత్తం నష్టం 8 లక్షలు, అందులో 2 లక్షలు అతని హెల్త్ ఇన్సూరెన్స్ కట్టింది అనుకుందాం. నష్టంలోంచి తీసివేస్తే 6 లక్షలు మిగులుతుంది. అది పరిమితి కంటే ఎక్కువ కాబట్టి అసోసియేషన్ పూర్తి 3 లక్షలు ఇస్తుంది. అలా కాకుండా 3 లక్షల పరిమితిలోంచే తీసివేస్తే చేతికి వచ్చేది 1 లక్ష. కోర్టు ఎంచుకున్న దారిని బట్టి 2 లక్షల తేడా.

పరిమితిలోంచి తీసేయాలనే వాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఈ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. మిగతా కంపెనీల నుంచి వసూలు చేస్తారు, అవి దాన్ని ప్రీమియంలలోనో పన్ను రాయితీల్లోనో తిరిగి రాబట్టుకుంటాయి. చివరికి ఏ తప్పూ చేయని ఇతర డాక్టర్లు, ఇతర పాలసీదార్లు, పన్ను కట్టేవాళ్లు మోస్తారు. అందుకని అవసరానికి మించి ఇవ్వకూడదంటారు. అవతలి వాదన కూడా అంతే బరువైనది. రోగి తన హెల్త్ ఇన్సూరెన్స్‌కు ఏళ్ల తరబడి ప్రీమియం కట్టాడు. డాక్టరు బీమా కంపెనీని ఎంచుకున్నది అతను కాదు. దాని బ్యాలెన్స్ షీటు అతనికి ఎవరూ చూపించలేదు. మరి అతని ముందుజాగ్రత్తే అతనికి నష్టం తేవడం ఏం న్యాయం?

ఈ రెండో వాదనలో రోగి స్థానం గురించి చెప్పిన మాట నాకు గట్టిగా అనిపిస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఏ నిర్ణయమూ తీసుకోని మనిషి రోగి ఒక్కడే.

## ఈ వల ఎవరి కింద ఉండదు

డాక్టర్లు కలిసి తమకు తాము బీమా చేసుకునే రిస్క్ రిటెన్షన్ గ్రూపులు అనే సంస్థలు అమెరికాలో చాలా ఉన్నాయి. 1986 నాటి ఫెడరల్ చట్టం కింద నడుస్తాయి. ప్రీమియం ఆకర్షణీయంగా ఉండొచ్చు, కానీ రాష్ట్ర గ్యారంటీ అసోసియేషన్‌లో వీటికి చోటు లేదని ఆ చట్టమే చెబుతుంది. గ్రూపు మునిగితే ఆ డాక్టర్ల కింద 3 లక్షల వల కూడా ఉండదు. పాలసీ మీద ఈ సంగతి ముద్రించాలన్న నియమం ఉంది. సర్‌ప్లస్ లైన్స్ కంపెనీలు, అంటే ఆ రాష్ట్రంలో మామూలు లైసెన్సు లేకుండా ప్రత్యేక అనుమతితో బీమా అమ్మేవి, కూడా దాదాపు అన్ని చోట్లా బయటే.

పెద్ద ఆసుపత్రుల సంగతి వేరు. నికర ఆస్తి ఒక గీత దాటిన సంస్థలకు సాయం అందదు, లేదా అందినా అసోసియేషన్‌కు తిరిగి కట్టాలి. రాష్ట్రాన్ని బట్టి ఆ గీత 2.5 కోట్ల డాలర్లో, 5 కోట్ల డాలర్లో ఉంటుంది. పెద్ద సంస్థ తన దెబ్బ తానే తట్టుకోగలదన్నది దీని వెనక ఆలోచన.

## ఇంకా రాని క్లెయిము: అందరికంటే లోతుగా ఇరుక్కునేవాళ్లు

ఇప్పటిదాకా చెప్పింది కంపెనీ మునిగే నాటికే నడుస్తున్న కేసుల గురించి. అసలు ముడి ఇంకా పుట్టని కేసుల దగ్గర ఉంది. అది తెలియాలంటే పాలసీల్లో రెండు రకాలను వేరుచేసి చూడాలి.

అకరెన్స్ పాలసీ అంటే, తప్పు జరిగిన రోజున పాలసీ ఉంటే చాలు, క్లెయిము పదేళ్ల తర్వాత వచ్చినా ఆ పాత పాలసీయే కడుతుంది. క్లెయిమ్స్-మేడ్ పాలసీ అంటే, క్లెయిము వచ్చిన రోజున పాలసీ అమల్లో ఉండాలి. రెండోది మొదట్లో చవక. కానీ డాక్టరు రిటైరైనా, కంపెనీ మారినా, పాత తప్పుల మీద కొత్తగా వచ్చే క్లెయిములకు దిక్కుండదు. అందుకని ఒకేసారి పెద్ద మొత్తం కట్టి టెయిల్ కవరేజ్ కొంటారు. పాలసీ ముగిశాక కూడా క్లెయిములు చెప్పుకునే హక్కు అది.

ఇప్పుడు చూడండి. ఒక గైనకాలజిస్టు 1999లో రిటైరవుతూ టెయిల్ కొన్నారు. 2002లో కంపెనీ లిక్విడేషన్‌కు వెళ్లింది. 1998లో ఆమె చేసిన కాన్పులో పుట్టిన బిడ్డ తరఫున 2006లో దావా పడింది. మైనర్ల విషయంలో గడువు పొడిగించే రాష్ట్రాలు చాలా ఉన్నాయి కాబట్టి అది జరగొచ్చు. ఆమె డబ్బు కట్టింది, కాగితం ఉంది. కానీ లిక్విడేషన్‌కు ఒక చివరి తేదీ ఉంటుంది. ఆలోపు లిక్విడేటర్‌కు చెప్పుకోని క్లెయిములను గ్యారంటీ అసోసియేషన్లు సాధారణంగా తీసుకోవు. 2006లో వచ్చే దావా గురించి 2003లో ఆమె ఎలా చెప్పగలరు?

కొన్ని రాష్ట్రాల్లో పాలసీదార్లు ముందుజాగ్రత్తగా, "నా మీద భవిష్యత్తులో ఏదైనా రావచ్చు" అని ఒక ఖాళీ క్లెయిము లాంటిది లిక్విడేటర్ దగ్గర వేసుకోవచ్చు. ఆస్తుల్లో వాటాకు అది కొంత పనికొస్తుందేమో గానీ, గ్యారంటీ అసోసియేషన్ నుంచి డబ్బు రావడానికి మాత్రం చాలా చోట్ల పనికిరాదు.

ప్రాక్టీసులో ఉన్న డాక్టరుకు కనీసం ఒక దారి ఉంది. కొత్త కంపెనీ దగ్గర పాత తేదీ నుంచి, అంటే వెనకటి తప్పులకూ వర్తించేలా, పాలసీ అడగొచ్చు. ఖరీదు ఎక్కువే అయినా దొరికే వీలుంది. రిటైరైన డాక్టరుకు ఆదాయమూ లేదు, కొత్త పాలసీ ఇచ్చేవాళ్లూ అరుదు. చనిపోయిన డాక్టరు కుటుంబం విషయంలో దావా నేరుగా వారసత్వ ఆస్తి మీదికే వస్తుంది.

## మిగిలిన ఆస్తి, వరుసలో ఎవరు ముందు

మునిగిన కంపెనీ అంటే ఖాళీ గది కాదు. బాండ్లు ఉంటాయి, భవనాలు ఉంటాయి, అన్నిటికంటే ముఖ్యంగా రీఇన్సూరెన్స్ ఉంటుంది. బీమా కంపెనీ తన భారంలో కొంత ఇంకో కంపెనీకి బదలాయించుకోవడమే రీఇన్సూరెన్స్.

ఇక్కడ ఒక పాత కేసు చెప్పుకోవాలి. 1937లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. మునిగిన బీమా కంపెనీ క్లెయిములు కట్టలేకపోయింది. రీఇన్సూరెన్స్ కంపెనీ ఏమందంటే, "మా ఒప్పందం వాళ్లు కట్టినదాన్ని భర్తీ చేయడం. వాళ్లు కట్టలేదు కాబట్టి మేం ఇచ్చేది లేదు." కోర్టు ఆ ఒప్పందం మాటలను బట్టి రీఇన్సూరెన్స్ కంపెనీ వైపే తీర్పు చెప్పింది. సరిగ్గా ఆపద వచ్చినప్పుడే రక్షణ మాయమవుతుందన్నమాట. ఆ దెబ్బతో రాష్ట్రాలు మేలుకున్నాయి. మొదటి కంపెనీ దివాలా తీసినా రీఇన్సూరెన్స్ కంపెనీ తన వాటా పూర్తిగా కట్టాలన్న షరతు ఇప్పుడు ఒప్పందాల్లో మామూలైపోయింది.

ఆ డబ్బు మాత్రం ఫలానా రోగికో ఫలానా డాక్టరుకో నేరుగా రాదు. లిక్విడేటర్ చేతికి వచ్చి, అందరి కుప్పలో కలుస్తుంది. పంపకంలో ముందు లిక్విడేషన్ ఖర్చులు, ఆ తర్వాత పాలసీల కింద వచ్చే క్లెయిములు, ఆ తర్వాతే ఇతర అప్పులవాళ్లు. ఈ వరుసలో తామే ముందుండాలని ఫెడరల్ ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1993లో ఒహాయో కేసులో సుప్రీంకోర్టు, పాలసీదార్ల క్లెయిములను ప్రభుత్వ బాకీల కంటే ముందు పెట్టే రాష్ట్ర చట్టాన్ని సమర్థించింది.

గ్యారంటీ అసోసియేషన్ కూడా తాను చెల్లించిన డబ్బు కోసం అదే వరుసలో నిలబడుతుంది. అందువల్ల పరిమితికి మించిన బాకీ కోసం ఎదురుచూసే రోగీ, అతనికి మొదటి 3 లక్షలు ఇచ్చిన అసోసియేషనూ ఒకే కుప్పలోంచి వాటా పంచుకుంటారు.

## ఆస్ట్రేలియా పట్టిన వేరే దారి

యునైటెడ్ మెడికల్ ప్రొటెక్షన్ అనే సంస్థ ఆస్ట్రేలియా డాక్టర్లలో దాదాపు 60 శాతం మందికి అండ. డాక్టర్లే సభ్యులుగా నడుపుకునే సంస్థ అది. 2001 మార్చిలో హెచ్‌ఐహెచ్ అనే పెద్ద బీమా కంపెనీ కూలింది, ఆ తర్వాత రీఇన్సూరెన్స్ ధరలు పెరిగాయి. అదే ఏడాది చివర్లో న్యూ సౌత్ వేల్స్ కోర్టు ఒక పురిటి కేసులో 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటిన పరిహారం ఇచ్చింది. 2002 మే మొదట్లో ఈ సంస్థ తాత్కాలిక లిక్విడేషన్‌లోకి వెళ్లింది. బీమా లేకుండా ఆపరేషన్లు ఎలా చేయాలని డాక్టర్లు నిలదీశారు.

అమెరికాలోలా వాటాలు పంచుకోమనకుండా, అక్కడి కేంద్ర ప్రభుత్వం నేరుగా హామీ ఇచ్చింది. జరిగిపోయి ఇంకా బయటపడని తప్పుల కోసం ఆ సంస్థ డబ్బు పక్కన పెట్టలేదు కాబట్టి, ఆ పాత బాకీని తన నెత్తిన వేసుకుంటూ చట్టం చేసింది. కొంత భాగం ఆ సంస్థ సభ్యుల నుంచే వసూలు చేయాలనుకుంది. 2003లో న్యూ సౌత్ వేల్స్ డాక్టర్లు భగ్గుమన్నారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాజీనామాలకు దిగారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అదే ఏడాది నవంబర్‌లో సంస్థ తాత్కాలిక లిక్విడేషన్ నుంచి బయటపడింది. రిటైరైన డాక్టర్ల కోసం 2004 జూలై నుంచి ప్రత్యేక పథకం పెట్టారు. మన గైనకాలజిస్టు ఉదాహరణలోని ముడిని విప్పడానికి చేసిన ఏర్పాటు అదే.

దీని మీదా రెండు అభిప్రాయాలున్నాయి. రోగికి పూర్తి పరిహారం అందింది, కాన్పు వార్డులు మూతపడలేదు అని ఒక పక్షం. బాగా సంపాదించే వృత్తివాళ్లు తక్కువ ప్రీమియం కట్టి, తేడా వచ్చినప్పుడు ప్రజల పన్నులతో గట్టెక్కారు అని ఇంకో పక్షం. రెండూ నిజాలే.

## మన దగ్గర పరిస్థితి

1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్య సేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చాక, మన డాక్టర్లలో ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీలు (మాల్‌ప్రాక్టీస్ బీమాకు మన దగ్గరి పేరు) పెరిగాయి. ఇవి ఎక్కువగా క్లెయిమ్స్-మేడ్ రకమే. పాలసీ మీద రెట్రోయాక్టివ్ తేదీ అని ఒకటి ఉంటుంది. ఆ తేదీ తర్వాత జరిగిన తప్పులకే రక్షణ. ఏటా విరామం లేకుండా రెన్యూ చేసుకుంటే ఆ తేదీ అలాగే ఉంటుంది.

బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల రూపాయల దాకా బీమా ఉన్నట్టు, ఇలాంటి పాలసీలకు అమెరికా తరహా గ్యారంటీ అసోసియేషన్ మన దేశంలో లేదు. మునిగే ఆర్థిక సంస్థల కోసం 2017లో తెచ్చిన బిల్లులో బీమా కంపెనీలు కూడా ఉన్నాయి. దాన్ని 2018లో ఉపసంహరించుకున్నారు. మన రక్షణ ముఖ్యంగా ముందు కాపలా మీద ఆధారపడింది. బాధ్యతలకు మించి ఉండాల్సిన అదనపు ఆస్తిని సాల్వెన్సీ మార్జిన్ అంటారు. లెక్క ప్రకారం ఉండాల్సిన మార్జిన్‌కు ఒకటిన్నర రెట్లు ప్రతి కంపెనీ నిలుపుకోవాలన్నది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం. ప్రభుత్వ రంగంలోని నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా ఈ గీత కింద పడిపోయినప్పుడు, 2019-20 నుంచి 2021-22 దాకా మూడేళ్లలో కేంద్రం వాటికి 17,450 కోట్ల రూపాయల పెట్టుబడి ఇచ్చింది. వాటి వెనక ప్రభుత్వం ఉంది. ప్రైవేటు కంపెనీ వెనక అలాంటి హామీ ఏదీ రాసి లేదు.

కంపెనీ చేయి దాటిపోతే నియంత్రణ సంస్థ ఏం చేస్తుందో చూపే ఉదాహరణ సహారా లైఫ్. 2017 జూన్‌లో ఐఆర్‌డీఏఐ అక్కడ అడ్మినిస్ట్రేటర్‌ను నియమించింది. ఆరేళ్ల తర్వాత, 2023 జూన్‌లో, పాలసీలన్నిటినీ ఎస్‌బీఐ లైఫ్‌కు అప్పగించింది. అది జీవిత బీమా. ఎవరికి ఎంత ఇవ్వాలో పాలసీ కాగితం మీదే ఉంటుంది కాబట్టి ఇంకో కంపెనీ లెక్కగట్టి తీసుకోగలిగింది. డాక్టర్ల పాలసీల్లో ఇవ్వాల్సిన మొత్తం ఏ కాగితం మీదా ఉండదు. అది ఇంకా దావా కూడా పడని కేసుల్లో ఉంటుంది.